పాత జీపు, జిప్సీకి ఆయిల్ కారుతుంటే: ఏ రిపేరు ఎప్పుడు చేయించాలి

పొద్దున్నే చూస్తే జీపు కింద అరచెయ్యంత నల్లటి మరక. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పి ఉంచే బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర ఇంకో చుక్క వేలాడుతోంది. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ కిందికి దూరి, టార్చి వేసి చూసి, అర నిమిషంలో చెప్పేశాడు: “వెనక సీల్ పోయిందన్నా. గేర్‌బాక్స్ దించాల్సిందే.” ఇంజిన్ వెనక కొసన షాఫ్టు చుట్టూ ఉండి ఆయిల్‌ని ఆపే రింగు అది. సరేనన్నాను. మూడు రోజుల పని. బండి ఇంటికొచ్చిన నాలుగో రోజు అదే చోట, అదే మరక.

అసలు ఆయిల్ పైన, ఇంజిన్ తల మీద మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూల నుంచి వస్తోంది. ఇంజిన్ వెనక గోడ పట్టుకుని దిగి, బెల్ హౌసింగ్ అంచు వెంట జారి, అన్నిటికన్నా కింద ఉన్న చోట చుక్కవుతోంది. ఆ ప్యాకింగ్ మార్చడానికి గంట కూడా పట్టలేదు.

మాది పాత ఎంఎం 540, పేజో డీజిల్ ఇంజిన్. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి మహీంద్రా జీపులు, కమాండర్లు, మారుతి జిప్సీలు ఇంకా చాలా తిరుగుతున్నాయి. రొయ్యల చెరువు గట్ల మీదికి, చీమకుర్తి క్వారీ దారుల్లోకి, ఉదయగిరి వైపు కొండ పొలాలకి వీటితోనే పని. వీటిలో ఎక్కడో ఒక చోట ఆయిల్ కారని బండి దొరకడం కష్టం. అందుకని ప్రతి చుక్కకీ ఇంజిన్ విప్పించనక్కర్లేదు, ప్రతి చుక్కనీ వదిలెయ్యనూ కూడదు. ఆయిల్ ఎక్కడ మొదలవుతోంది, కిందికి వచ్చే దారిలో దేన్ని తడుపుతోంది అన్న రెండు సంగతులు తెలిస్తే ఏ రిపేరుకి ఎప్పుడు డబ్బు పెట్టాలో దాదాపు తేలిపోతుంది. మరక ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

ముందు అది ఏ ఆయిల్

రాత్రి బండి కింద పాత అట్టపెట్టె ఒకటి విప్పి పరవండి. చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద పెన్నుతో గీసుకోండి. పొద్దున చూస్తే ఏ చుక్క ఏ భాగం కింద పడిందో తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్ కాటుకలా నల్లగా ఉంటుంది, పెట్రోల్ జిప్సీది టీ డికాషన్ రంగు. గేర్ ఆయిల్ తేనెలా చిక్కగా సాగుతుంది. దాని గంధకపు వాసన ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. ఆకుపచ్చగా, జిగటగా ఉంటే రేడియేటర్‌లో పోసే కూలెంట్. చక్రం లోపలి వైపు పల్చటి తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు బండి స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

డిప్‌స్టిక్ కూడా చూడండి. లెవెల్ తగ్గడం మనకు తెలిసిందే. ఒక్కోసారి ఆయిల్ కారుతున్నా లెవెల్ పెరుగుతుంది, డీజిల్ వాసన వేస్తుంది. అంటే డీజిల్ పంపు లోపలి సీల్ గుండా డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి. పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇంజిన్ ప్యాకింగుల సంగతి పక్కనపెట్టి ముందు పంపు పని చేయించాలి.

ఎక్కడ మొదలవుతోంది

ఆయిల్ కిందికీ, ఫ్యాన్ గాలికి వెనక్కీ పోతుంది. కాబట్టి వెతకాల్సింది తడి మొదలైన చోటు, అంటే అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడి. ఏళ్ల తరబడి మట్టి, ఆయిల్ కలిసి అట్టకట్టిన ఇంజిన్ మీద అది కనిపించదు. ముందు శుభ్రం చెయ్యాలి. ఈ పనిని ఎవరూ మనసు పెట్టి చెయ్యరు, కానీ సగం రిపేరు ఇక్కడే ఉంది.

ఇంజిన్ చల్లారాక పెయింట్ బ్రష్‌తో డీజిల్ రాసి మట్టి వదిలించండి. తర్వాత సబ్బు నీళ్లతో కడగండి, ఎందుకంటే డీజిల్ పొర మిగిలిపోతే అదే లీకులా కనిపించి మోసం చేస్తుంది. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, ఎయిర్ ఫిల్టర్ మూతి, జిప్సీ అయితే డిస్ట్రిబ్యూటర్ ప్లాస్టిక్ కవర్లతో కప్పండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన భాగాల మీద ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లి, పది పదిహేను కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ ఒక గీతలా దిగి కనిపిస్తుంది. ఆ గీత పై కొస దగ్గరే మన దొంగ.

ఇంకో పద్ధతి ఆయిల్లో కలిపే ఫ్లోరోసెంట్ రంగు. చిన్న సీసా ఇంజిన్ ఆయిల్లో పోసి, బండి తిప్పి, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కారిన దారంతా ఆకుపచ్చగా మెరుస్తుంది. పౌడర్ ఖర్చు లేని పని, చెయ్యి అందే చోట్లకి అది చాలు. ఇంజిన్ వెనక గోడ, బెల్ హౌసింగ్ పైభాగం లాంటి కనపడని చోట్లకి రంగే మేలు. గేర్‌బాక్స్ దించమని ఎవరైనా చెప్పినప్పుడు, దించే ముందు ఈ రంగు పరీక్ష చేయించమని నేను గట్టిగా చెబుతాను. సీసా ఖర్చుని మూడు రోజుల కూలితో పోల్చి చూసుకోండి.

వెనక సీల్‌లా నటించేవి చాలా ఉన్నాయి. టాపెట్ కవర్ వెనక మూల ఒకటి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఇంకొకటి, దాని ప్లాస్టిక్ తల దగ్గర నుంచే ఆయిల్ ఊరుతుంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే అక్కడా కారుతుంది. కార్బురేటర్ జిప్సీల్లో డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్ వెనక కొసన ఉంటుంది. దాని ఓ-రింగ్ గట్టిపడితే ఆయిల్ నేరుగా బెల్ హౌసింగ్ మీదికే దిగుతుంది. చూసినవాళ్లు తొంభై శాతం నమ్మకంతో “వెనక సీల్” అనేస్తారు.

బెల్ హౌసింగ్ రంధ్రం నుంచి కారేది గేర్ ఆయిల్ వాసన వేస్తే, ఇంజిన్‌కి దాంతో సంబంధమే లేదు. గేర్‌బాక్స్ ముందు సీల్ పోయిందని అర్థం.

సీల్ కొనే ముందు బ్రీదర్

ఇంజిన్ లోపల పుట్టే గాలి, ఆవిరి బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. అది మడ్డితోనో దుమ్ముతోనో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీల్ గుండా ఆయిల్‌ని తోసేస్తుంది. అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా కొన్నాళ్లకి మళ్ళీ కారుతుంది. పైపు విప్పి డీజిల్‌తో కడిగి, నోటితో ఊది చూడండి. గాలి సులువుగా పోవాలి. జిప్సీలో పీసీవీ వాల్వ్ (బ్రీదర్ దారిలో ఉండే చిన్న కవాటం) ఉంటే దాన్ని తీసి చెవి దగ్గర ఊపండి, లోపల టకటకలాడాలి.

బ్రీదర్ శుభ్రం చేశాక ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ మూతి మీదే ఉంచండి. కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరి పక్కన పడుతూ, మూతి నుంచి చుట్ట తాగినట్టు పొగ గుప్పుగుప్పుమంటే పిస్టన్ రింగులు అరిగి, మండిన గ్యాస్ కిందికి దిగుతోంది. అలాంటి ఇంజిన్‌కి సీల్ మార్చడం డబ్బు దండగ. కంప్రెషన్ టెస్టు చేయించి, బోరు పని (సిలిండర్లు, పిస్టన్ రింగుల పని) గురించి ఆలోచించాలి.

యాక్సిల్ హౌసింగ్‌లకీ చిన్న బ్రీదర్లు ఉంటాయి. వరి మడి బురదో, చెరువు గట్టు మట్టో ఎండి వాటిని మూసేస్తుంది. యాక్సిల్ మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ వేడెక్కితే దాని లోపలి ఒత్తిడి చక్రం దగ్గరి హబ్ సీల్ గుండా గేర్ ఆయిల్‌ని బ్రేక్ డ్రమ్ములోకి తోస్తుంది. అదే వేడి హౌసింగ్‌తో వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుపోయి నీళ్లని పీలుస్తుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే సంగతి అదే, వెంటనే మొత్తం మార్చాలి.

పోసుకుంటూ నడపడమా, మందు పొయ్యడమా, విప్పడమా

నిజాయితీగా చెప్పాలంటే, చెమట పట్టినట్టు తడిగా ఉండే లీకు చాలాసార్లు వదిలెయ్యొచ్చు. ముందు టైమింగ్ కవర్ దగ్గర తడి, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచున తడి ఇలాంటివి. ఒక్కటే షరతు: లెక్క ఉండాలి. డిప్‌స్టిక్ మీద కింది గీతకీ పై గీతకీ మధ్య చాలా బండ్లలో లీటరు దగ్గర్లో ఉంటుంది. ప్రతి ఆదివారం చదును నేల మీద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూసి, వెయ్యి కిలోమీటర్లకి ఎంత పోశారో రాసుకోండి. ఆ అంకె నెల నెలా ఒకేలా ఉంటే సీల్ జోలికి వెళ్లకండి. పెరుగుతూ పోతుంటే ఇక ఆగకూడదు.

వదలకూడనివి నాలుగు. వెనక హబ్ సీల్ కారి బ్రేక్ లైనింగ్ తడిస్తే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఒక వైపు లాగుతుంది. తడిసిన లైనింగ్‌ని కడిగి వాడటం కాదు, మార్చాల్సిందే. ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే మంట పుట్టవచ్చు, క్యాబిన్‌లోకి పొగ వస్తుంది. క్లచ్ ప్లేట్ తడిస్తే లోడు మీద జారుతుంది. డ్రైవ్ చేస్తుంటే ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఇంకో వంద గజాలు కూడా వద్దు, పక్కన ఆపి ఇంజిన్ కట్టెయ్యండి. ఈ నాలుగింటిలో చుక్క చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే లేదు.

చిక్కటి ఆయిల్ పొయ్యడం మన దగ్గర అందరూ ఇచ్చే సలహా. 15డబ్ల్యూ-40 వాడుతున్న అరిగిన పాత ఇంజిన్‌కి మన ఎండల్లో 20డబ్ల్యూ-50 పోస్తే కారడం కొంత తగ్గుతుంది, ప్రెషర్ కూడా కాస్త నిలబడుతుంది. కంపెనీ మాన్యువల్లో ఆ గ్రేడు ఉంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఇంజిన్‌లో గేర్ ఆయిల్ కలిపే వాళ్లు ఉన్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యకండి.

లీకులు ఆపే మందులు డబ్బాల్లో దొరుకుతాయి. వాటిలో చాలావరకు ఎండి గట్టిపడ్డ రబ్బరుని కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఎక్కువకాలం నిలబెట్టి ఉంచిన బండిలో రబ్బరు సీల్ ఎండి కారుతుంటే కొన్నాళ్లు పనిచేసే అవకాశం ఉంది. చిరిగిన సీల్‌కి, కార్కు ప్యాకింగ్‌కి, షాఫ్టు మీద పడ్డ గాడికి అది ఏమీ చెయ్యలేదు. గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి ప్రయత్నించి చూడటానికి నేను ఒప్పుకుంటాను. టాపెట్ కవర్ లాంటి పైపై ప్యాకింగ్‌కి మాత్రం మందు కొనే డబ్బుతో ప్యాకింగే వస్తుంది.

ఇక బయటి నుంచి ఎమ్‌సీల్, సిలికాన్ పేస్టు పూయడం. దారిలో రాయి తగిలి చాంబర్‌కి చిల్లు పడితే ఎమ్‌సీల్ ఇంటికి చేరుస్తుంది, అందుకు ఒక ప్యాకెట్టు బండిలో ఉండటం మంచిదే. అయితే ఆయిల్ తడి మీద ఏదీ అంటుకోదు. పెట్రోల్ గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఆరాక పెట్టాలి. ప్యాకింగ్ కీలు మీద బయటి నుంచి పూసిన పేస్టు మాత్రం నాకు తెలిసి ఎప్పుడూ నిలవలేదు. లోపలి నుంచి తోసుకొచ్చే ఆయిల్ దాన్ని పొరలా ఊడదీస్తుంది.

మైపాడు, ఇందుకూరుపేట వైపు ఉప్పు గాలికి, చెరువు నీళ్లకి తిరిగే బండ్లకి చాంబర్ తుప్పు పట్టి సూది బెజ్జాలు పడతాయి. ఒక బెజ్జం కనిపించిందంటే చుట్టూ రేకు పల్చబడే ఉంటుంది. ఎమ్‌సీల్ పెడితే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది. ఇత్తడితో గ్యాస్ వెల్డింగ్ చేయించొచ్చు, కానీ చాంబర్ విప్పి, ఆయిల్ అంతా కడిగాకే. నేనైతే మంచి సెకండ్‌హ్యాండ్ చాంబర్ వెతికి, రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ వేయించి బిగిస్తాను. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్ల కథ వేరు. అక్కడ రేకు బాగానే ఉంటుంది, రాతి పొడి సీల్ పెదవి (షాఫ్టుకి ఆనే అంచు) కింద చేరి షాఫ్టునే అరగదీస్తుంది. ఆ బండ్లకి బ్రీదర్ శుభ్రం నెలనెలా ఉండాలి.

ప్యాకింగ్ మార్చేటప్పుడు

టాపెట్ కవర్‌కి కార్కు, రబ్బరు రెండు రకాలూ దొరికితే రబ్బరు తీసుకోండి. కార్కు ఎక్కువకాలం షాపులో ఉంటే ఎండి పెళుసెక్కుతుంది. పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా మిగలకుండా గోకాలి, అల్యూమినియం మీద అయితే ఉలి వాడకుండా. రేకు కవర్‌ని గాజు పలక మీద బోర్లించి చూస్తే బోల్టుల దగ్గర వంగిందో లేదో తెలుస్తుంది. వంగితే చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేసుకోవాలి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. కారుతోందని ఇంకా బిగిస్తే రేకు ఇంకా వంగుతుంది, ఇంకా కారుతుంది. సగం టాపెట్ లీకులు ఇలా చేతులారా తెచ్చుకున్నవే.

పేస్టు వాడాల్సిన చోట అగ్గిపుల్ల లావు గీత చాలు. ఎక్కువ రాస్తే లోపలికి పిండుకుని, ఊడి, చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుంది. లీకు ఆపబోయి ఇంజిన్ సీజ్ చేసుకున్నట్టవుతుంది. ఆయిల్ పోసే ముందు పేస్టు డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి.

ఆయిల్ సీల్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకండి. పాత సీల్ ముఖం మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటాయి. 35-52-7 లాగా. ఆ అంకెలతో అడగండి. నెల్లూరులో, ఒంగోలులో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి ఆర్టీసీ పార్సిల్లో తెప్పించుకోవచ్చు. ఇంజిన్ వెనక సీల్ లాంటి వేడి చోటుకి మామూలు నైట్రైల్ రబ్బరు కంటే వైటాన్ ఎక్కువ కాలం వస్తుంది. నైట్రైల్ నూరు డిగ్రీలు దాటితే త్వరగా గట్టిపడుతుంది, వైటాన్ రెండు వందల దాకా తట్టుకుంటుంది. హబ్ సీల్‌కి నైట్రైల్ సరిపోతుంది.

బిగించే ముందు షాఫ్టు మీద గోటితో గీకి చూడండి. గోరు గాడిలో పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. అప్పుడు షాఫ్టు మీదికి పల్చటి స్టీల్ స్లీవ్ తొడిగించాలి, లేదా సీల్‌ని ఒకట్రెండు మిల్లీమీటర్లు లోతుగానో పైకో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చూడాలి. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకే తిరగాలి. పెదవికి గ్రీజు రాసి, అదే సైజు పైపు ముక్క పెట్టి చుట్టూ సమానంగా కొట్టాలి. డిఫరెన్షియల్‌లోకి ప్రొపెల్లర్ షాఫ్టు కలిసే చోట ఉండే పినియన్ సీల్ అయితే నట్టు విప్పే ముందు దాని చోటు పంచ్‌తో గుర్తు పెట్టుకుని, తిరిగి అక్కడికే తేవాలి. ఇష్టమొచ్చినట్టు బిగిస్తే డిఫరెన్షియల్ బేరింగుల మీద భారం మారిపోయి కూత మొదలవుతుంది.

గేర్‌బాక్స్ దించాల్సి వస్తే

రంగు పరీక్షలో వెనక సీలేనని తేలింది, బ్రీదర్ బాగుంది, మూత ఎగరడం లేదు, అయినా చుక్క పెరుగుతోంది. అప్పుడు దించడమే సరైన నిర్ణయం. ఇక్కడ సీల్ ధర వందల్లో ఉంటే కూలి వేలల్లో ఉంటుంది. కాబట్టి ఒకసారి దించాక క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు సీల్ అన్నీ చూసి, అరిగినవి అప్పుడే మార్చండి. మీ ఇంజిన్‌కి రబ్బరు సీలా, తాడు రకం ప్యాకింగా ముందే కనుక్కోండి. తాడు రకానికి చేతి వాటం కావాలి, నూనెలో నానబెట్టి, గుండ్రంగా అణిచి, కొసలు సరిగ్గా కొయ్యడం తెలిసిన పెద్ద మెకానిక్ దగ్గరికే వెళ్లండి. చుక్క తక్కువగా ఉండి, క్లచ్ ఇంకో ఏడాది వచ్చేలా ఉంటే నేను ఆగుతాను. క్లచ్ పనికి దించిన రోజునే సీల్ కూడా వేయిస్తాను.

టాపెట్ కవర్, ఫిల్టర్, ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్ లాంటివి ఇంటి దగ్గర మీరే చేసుకోవచ్చు. కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వెయ్యండి. హబ్, పినియన్ పనులు మీ కళ్ల ముందు షెడ్డులో చేయించుకోండి. ఏ షెడ్డయినా “ముందు కడిగి చూద్దాం” అంటే అక్కడే బండి వదలండి. కడగకుండానే రేటు చెప్పే చోట నేనిక ఆగను.

మా జీపుకి టాపెట్ ప్యాకింగ్ మార్చి రెండేళ్లు దాటింది. బెల్ హౌసింగ్ రంధ్రం పొడిగా ఉంది. టైమింగ్ కవర్ దగ్గర చెమట మాత్రం అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఈ ఆదివారం అట్ట మీద మూడు చుక్కలు పడ్డాయి, పోయిన వారం కూడా మూడే.